బిల్లు మనది, గోడ మీద పెత్తనం ఎవరిది?

స్థలం నాది, డబ్బు నాది, రేపు కరెంటు బిల్లు కట్టేదీ నేనే. అలాంటప్పుడు నా బిల్డింగుకి ఏ అద్దం వేయాలో, మిద్దె మీద ఏ పూత పూయాలో సర్కారు ఎందుకు చెప్పాలి?

హాస్పిటల్ కడుతున్న డాక్టరు, కల్యాణ మండపం కడుతున్న వ్యాపారి, ఆఫీసు టవర్ కడుతున్న బిల్డరు అందరూ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. సెట్‌బ్యాక్ వదలమంటే పక్కవాడికి గాలి రావాలని, మంటలు లేస్తే ఫైరింజను తిరగాలని అర్థం చేసుకుంటాం. మెట్లు ఇంత వెడల్పుండాలంటే జనం తొక్కుకోకుండా దిగాలని అర్థం చేసుకుంటాం. నా ఏసీ ఎంత కరెంటు తాగితే ఊరికేం నష్టం?

ఆ ప్రశ్నలో ఒక మాట మాత్రం నిజం కాదు. బిల్లు కట్టేది చాలాసార్లు కట్టించినవాడు కాదు. మాల్ కట్టినాయన షాపులు అద్దెకిస్తాడు, టవర్ కట్టినాయన అంతస్తులు అమ్ముకుంటాడు. చవక అద్దం వేసి మిగుల్చుకున్నది ఆయన జేబులోకి పోతుంది. ఆ అద్దం లోంచి దూసుకొచ్చే ఎండకు ముప్పై ఏళ్లపాటు బిల్లు కట్టేది అద్దెకున్నవాడు. అతను కావాలంటే కుర్చీ మార్చుకోగలడు, కర్టెన్ వేసుకోగలడు. గోడ మార్చలేడు.

రెండో సంగతి, బిల్లు ఆ భవనం గేటు దగ్గర ఆగదు. మే నెలలో ఊళ్లో ఏసీలన్నీ ఒకేసారి మొదలైతే ఆ గంటల్లో డిస్కంలు దొరికిన ధరకి కరెంటు కొనుక్కోవాలి. ఆ కొనుగోలు తేడా తర్వాత సర్దుబాటు చార్జీగా అందరి బిల్లులోకీ వస్తుంది, ఇంట్లో ఒక్క ఫ్యానుతో నెట్టుకొచ్చేవాళ్ల బిల్లుతో సహా. దేశంలో చల్లదనం కోసం ఉన్న గిరాకీ 2017–18తో పోలిస్తే 2037–38 నాటికి సుమారు 8 రెట్లవుతుందని కేంద్రం 2019లో ప్రకటించిన కూలింగ్ ప్రణాళిక అంచనా వేసింది. ఆ గిరాకీలో పెద్ద భాగం ఇవాళ పునాదులు తవ్వుతున్న, ఇంకా తవ్వని భవనాల నుంచే వస్తుంది. ఆ భవనాల గోడలు లేవకముందే కలగజేసుకోవాలన్నది సర్కారు వాదన. ఆ కలగజేసుకోవడం పేరే భవన ఇంధన నియమావళి. ఆఫీసుల్లో ఈసీబీసీ అంటారు, కోడ్ అంటే చాలు అర్థమవుతుంది.

ఐసు ఎక్కువ వేయాలా, పెట్టె మారాలా

భీమవరం వైపు నుంచి చేపలు ఐసులో పెట్టుకుని దూర రాష్ట్రాలకు పోతాయి. దారి పొడవునా ఎండే. పెట్టె గోడలు పల్చగా ఉంటే ఐసు తొందరగా కరుగుతుంది, మధ్యలో మళ్లీ వేయాలి. గోడలు దళసరి థర్మాకోల్‌వైతే, మూత బిగుతుగా పడితే, అంతే ఐసుతో రెట్టింపు దూరం పోవచ్చు. ఐసు ఖర్చు ప్రతి ప్రయాణంలో ఉంటుంది. పెట్టె ఖర్చు ఒక్కసారే. మన భవనాలకు ఏసీ ఐసు అనుకుంటే గోడ, కప్పు, కిటికీ కలిసి పెట్టె. మనం ఇన్నాళ్లూ పెట్టె సంగతి వదిలేసి ఐసు మీద ఐసు వేస్తూ వచ్చాం.

కోడ్ ముందు పెట్టెనే పట్టుకుంటుంది. కప్పుకి ఒక లెక్క, గోడకి ఒక లెక్క, అద్దానికి ఒక లెక్క ఉంటాయి. కప్పు, గోడల లెక్కను యూ-విలువ అంటారు. బయట ఒక డిగ్రీ వేడెక్కువైతే చదరపు మీటరు మేర ఎంత వేడి లోపలికి దాటుతుందన్నదే ఆ అంకె. 2017 నాటి కోడ్ చాలా రకాల భవనాల కప్పుకి 0.33 మించొద్దంది. ఏ పొరా వేయని మామూలు కాంక్రీట్ స్లాబుకి ఆ అంకె దాదాపు పదింతలుంటుంది. పై అంతస్తులో అద్దెకున్నవాళ్లెవరికీ ఈ అంకె చెప్పనక్కర్లేదు. రాత్రి పది గంటలకు కూడా సీలింగ్ ఫ్యాను వేడిగాలి కొట్టడం వాళ్లకు తెలుసు.

అద్దం లెక్క వేరు. దాని మీద పడిన ఎండలో లోపలికి వచ్చే వాటా ఎంతన్నది ఇక్కడ చూస్తారు. మామూలు తెల్ల అద్దం ఎనభై పాళ్లకు పైనే లోపలికి వదులుతుంది. 2017 కోడ్ 27 పాళ్లకు మించి వదలొద్దంటుంది. నిర్దేశించిన అంకెల దారిలో పోదలచుకుంటే గోడ వైశాల్యంలో అద్దం 40 శాతం దాటకూడదు కూడా. హైటెక్ సిటీ దారిలో పోతూ చుట్టూ చూస్తే ఈ 40 శాతం సంగతి ఎంత చిక్కో తెలుస్తుంది.

అద్దం విషయంలోనే ఒక ముచ్చటైన వివరం ఉంది. ఉత్తరం వైపు కిటికీలకు కోడ్ కొంచెం సడలింపిచ్చి 50 పాళ్ల దాకా ఒప్పుకుంటుంది. అయితే ఆ సడలింపు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, దానికి పైన ఉన్న ఊళ్లకే. హైదరాబాదుకి, విజయవాడకి, విశాఖకి ఉంది. తిరుపతికి, నెల్లూరుకి, కడపకి లేదు. కారణం సూర్యుడే. వేసవి నడిమిలో ఆయన కర్కటరేఖ దాకా జరుగుతాడు కాబట్టి మన నడినెత్తి దాటి ఉత్తరానికి పోతాడు. ఊరు ఎంత దక్షిణాన ఉంటే ఉత్తరపు గోడ మీద అంత ఎక్కువ ఎండ పడుతుంది. ఉత్తరం కిటికీ చల్లన అని మన మేస్త్రీలు చెప్పే మాట హైదరాబాదులో నడిచినంత బాగా తిరుపతిలో నడవదన్నమాట.

పెట్టె తర్వాతే ఐసు. ఏసీ యంత్రాలకు, దీపాలకు, వేడినీళ్లకు, పంపులకు, ట్రాన్స్‌ఫార్మర్లకు కోడ్ విడివిడిగా కనీస స్థాయిలు పెట్టింది. అవన్నీ ఇక్కడ ఏకరువు పెట్టను. హైదరాబాదులో జరిగిన రెండు పరిశీలనలు మాత్రం చెప్పాలి. ఒకటి, ఐఐఐటీ వాళ్లు అమెరికా పరిశోధకులతో కలిసి ఇక్కడి ఆఫీసు భవనాల కప్పులకు తెల్లపూత పూయించి కొలిచారు. పూత లేని కాంక్రీట్ కప్పుతో పోలిస్తే చల్లదనానికయ్యే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గుతుందని అంచనా కట్టారు. రెండోది పోచారంలోని ఇన్ఫోసిస్ క్యాంపస్‌ది. అక్కడ ఒకే భవనాన్ని రెండు సగాలుగా కట్టి ఒక సగానికి మామూలు ఏసీ పెట్టారు. రెండో సగంలో స్లాబులోని గొట్టాల గుండా చల్లటి నీళ్లు పారించారు. గోడలు, కిటికీలు రెంటికీ సమానం. అయినా చల్లదనానికి రెండో సగం మూడో వంతు తక్కువ కరెంటు తీసుకుంది. అక్కడి మామూలు సగం కూడా నాసిరకం కాదు, బాగా కట్టిందే. పెట్టె బాగున్నాక కూడా ఐసు పొదుపు చేసే తెలివికి చోటుందని ఆ భవనం చూపించింది.

ఢిల్లీ రాస్తే సరిపోదా

2001లో పార్లమెంటు ఇంధన పొదుపు చట్టం చేసింది. 2002 మార్చిలో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పుట్టింది, ఫ్రిజ్‌ల మీద నక్షత్రాలు అంటించేది ఆ సంస్థే. 2007 మేలో ఆ బ్యూరో మొదటి కోడ్ తయారుచేసి ఇచ్చింది. ఇచ్చాక ఏమైంది? చాలాకాలం ఏమీ కాలేదు. ఇష్టమున్నవాళ్లు పాటించారు, లేనివాళ్లు మానేశారు.

చిక్కు మన రాజ్యాంగపు పంపకంలో ఉంది. విద్యుత్తు ఉమ్మడి జాబితాలో ఉంది కాబట్టి ఢిల్లీ చట్టం చేయగలదు. స్థలాలు, పురపాలక సంఘాలు రాష్ట్రాల చేతిలో ఉన్నాయి. ప్లాను మీద ముద్ర వేసేది గుంటూరు కార్పొరేషన్‌లోనో, వరంగల్ కార్పొరేషన్‌లోనో కూర్చున్న టౌన్ ప్లానింగ్ అధికారి. ఆయన తన రాష్ట్రం ఇచ్చిన భవన నిబంధనలు చూస్తాడు. అందులో లేనిది ఢిల్లీ గెజిట్‌లో ఎంత అందంగా అచ్చయినా ఆయన బల్ల మీదికి రాదు.

చట్టం ఈ సంగతి ముందే ఊహించింది. కోడ్‌ను తమ వాతావరణానికి తగ్గట్టు సవరించుకునే వీలు రాష్ట్రాలకు 15వ సెక్షన్‌లో ఇచ్చింది, బ్యూరోతో సంప్రదించాలన్న షరతుతో. అది అవసరం కూడా. కోడ్ లెక్కలో దేశానికి అయిదు వాతావరణాలున్నాయి. హైదరాబాదు మిశ్రమ వాతావరణంలోకి వస్తుంది, విశాఖ ఉక్కపోత వాతావరణంలోకి వస్తుంది. రెండు చోట్లా ఒకే మందు పనిచేయదు.

రాజస్థాన్, ఒడిశా 2011లో ముందు కదిలాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని ఒక కమిటీతో మొదలైంది. హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, ఐఐఐటీ, ఎన్ఆర్‌డీసీ అనే పర్యావరణ సంస్థ నిపుణులు మున్సిపల్ శాఖ అధికారులతో, బిల్డర్లతో కూర్చున్నారు. చివరికి 2014 జనవరి 28న జీవో 30 వచ్చింది. నాలుగు నెలల తర్వాత రాష్ట్రం రెండయింది, ఆ జీవో రెండు రాష్ట్రాలకూ వారసత్వంగా వెళ్లింది.

ఆ జీవోను ఇంధన శాఖ కాకుండా మున్సిపల్ శాఖ ఇవ్వడం నా లెక్కలో ఈ మొత్తం వ్యవహారంలో అతి తెలివైన పని. కోడ్ ఇంధన శాఖ గెజిట్ ప్రకటనతో ఆగిపోయి, భవన నిబంధనల్లోకి రాకపోతే అది బడిలో నీతిసూత్రాల బోర్డుగానే మిగిలిపోతుంది. ప్లాను పాస్ చేసే శాఖే దాన్ని తన నిబంధనగా రాసుకుంటే ఫైలుతో పాటు కదులుతుంది.

చదరపు మీటర్లుగా మారిన కిలోవాట్లు

జీవో రాసినవాళ్లు ఇంకో చిన్న మార్పు చేశారు. పైకి గుమాస్తా పనిలా కనిపిస్తుంది కానీ ఆచరణలో చాలా పెద్దది.

ఏ భవనానికి కోడ్ వర్తిస్తుందన్నది ఢిల్లీ కరెంటు లోడుతో చెప్పింది. 2007లో 500 కిలోవాట్లు దాటిన వాణిజ్య భవనాలకన్నారు, 2010లో చట్టం సవరించి 100 కిలోవాట్లకు దించారు. వినడానికి బాగానే ఉంది. కరెంటు పొదుపు గురించిన కోడ్ కరెంటుతోనే కొలవాలి కదా. కానీ ప్లాను అనుమతికి వచ్చినప్పుడు ఆ భవనానికి మీటరే లేదు. లోడు ఎంతన్నది ఏసీ డిజైను పూర్తయ్యాక, డిస్కంకి దరఖాస్తు పెట్టేటప్పుడు తేలుతుంది. అప్పటికి స్లాబులు పడిపోయి ఉంటాయి. టౌన్ ప్లానింగ్ అధికారి ముందున్న కాగితాల్లో ఉండేవి స్థలం, కట్టడపు వైశాల్యం, అంతస్తులు, ఎత్తు. కిలోవాట్లు ఎక్కడా ఉండవు.

అందుకని ఇక్కడ గీతను వైశాల్యంలో గీశారు. స్థలం 1,000 చదరపు మీటర్లున్నా, కట్టడం 2,000 చదరపు మీటర్లున్నా కోడ్ వర్తిస్తుందన్నారు. దరఖాస్తు మొదటి పేజీలోనే తేలిపోయే సంగతి. లోడు తక్కువ చూపించి తప్పించుకునే దారి మూసుకుపోయింది. చట్టం ఎంత గొప్పదైనా కౌంటర్‌లో కూర్చున్న మనిషి చేతికి దొరికే కొలతతో రాయకపోతే అది అక్కరకు రాదు.

ఫైలు రెండుసార్లు ఆగాలి

ఇక అమలు. టౌన్ ప్లానింగ్ ఉద్యోగి సెట్‌బ్యాక్‌ను టేపు పెట్టి కొలవగలడు. అద్దం లోంచి ఎన్ని పాళ్ల ఎండ వస్తుందో టేపు చెప్పదు. ఆయన చదువులో అది లేదు, చూడాల్సిన ఫైళ్లేమో గుట్టలు. అందుకని తృతీయపక్ష పరిశీలకులు అనే ఏర్పాటు తెచ్చారు. అర్హత ఉన్న ఇంజనీర్లను, ఆర్కిటెక్టులను సర్కారు జాబితాలో చేర్చుకుంటుంది. బిల్డరు వాళ్లలో ఒకరిని పెట్టుకుని ధ్రువపత్రం తెచ్చుకోవాలి. హైదరాబాదులో ఈ అంకాన్ని జీహెచ్ఎంసీ ఆన్‌లైన్ అనుమతుల్లోనే కలిపారు.

ధ్రువపత్రానికి దారులు కూడా ఒకటికి మించి ఉన్నాయి. ప్రతి భాగానికీ కోడ్ చెప్పిన అంకె తు.చ. తప్పకుండా పాటించడం ఒక దారి. గోడ కొంచెం బలహీనమైతే అద్దం మెరుగ్గా పెట్టి సరిచేసుకోవడం ఇంకో దారి. మూడోది మొత్తం భవనాన్ని కంప్యూటర్‌లో ఏడాదంతా నడిపి చూడటం. కోడ్ ప్రకారం కట్టిన ఊహా భవనం కన్నా మీ భవనం ఎక్కువ కరెంటు తాగకపోతే చాలు, అద్దాలు ఎన్నయినా పెట్టుకోండి. అద్దాల టవర్ల ఆర్కిటెక్టులకు ఊపిరి పోసేది ఈ దారే.

పరిశీలన జరగాల్సింది రెండు చోట్ల. ప్లాను పాసయ్యే ముందు ఒకసారి, కట్టడం పూర్తయ్యాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు ఇంకోసారి. ఓసీ అని అందరూ పిలిచే ఈ కాగితానికి మన రెండు రాష్ట్రాల్లో బలం తక్కువేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 2012 నాటి జీవో 168 ప్రకారం కట్టడంలో పదో వంతు మున్సిపాలిటీ పేర తాకట్టు పెట్టాలి, ఓసీ వచ్చాకే విడిపిస్తారు. ఓసీ లేకపోతే కరెంటు, నీళ్ల సంస్థలు రెగ్యులర్ కనెక్షన్ ఇవ్వకూడదు, లేదా మూడింతల చార్జీ వసూలు చేయవచ్చు. ఇంధన చట్టంలోనూ జరిమానా ఉంది, 10 లక్షల రూపాయల దాకా. యాభై కోట్ల టవర్‌లో అది లాబీ గ్రానైటు ఖర్చుకు చాలదు. కాబట్టి భయపెట్టేది జరిమానా కాదు, తాకట్టులో ఇరుక్కున్న ఆ పదో వంతు.

మొదటి పరిశీలన కాగితం మీద జరుగుతుంది కాబట్టి సులువు. అసలు కథ రెండోదాంట్లో ఉంది. ప్లానులో రెండు పొరల అద్దం రాసి, సైట్‌లో ఒక పొరది బిగించడానికి ఒక్క ఫోను కాల్ చాలు. కప్పు మీద వేసే వేడినిరోధక పొర ఇంకా కష్టం. దాని మీద కాంక్రీటు, టైల్స్ పడ్డాక లోపల పొర ఉందో లేదో దేవుడికి, మేస్త్రీకి తప్ప తెలియదు. కట్టడం పూర్తయ్యాక వచ్చిన పరిశీలకుడు చూసేది టైల్స్ అందాన్ని. పొర పరిచిన రోజు, మూయకముందు వచ్చి చూడాలి. ఆయన ఫీజు ఇచ్చేది బిల్డరే అన్నది ఇంకో ఇబ్బంది. పరీక్ష రాసేవాడే పేపరు దిద్దేవాడికి జీతమిచ్చే ఏర్పాటు ఎంత నిజాయితీపరుడినైనా మొహమాటపెడుతుంది. పరిశీలకుణ్ణి సర్కారే చీటీ తీసి కేటాయించి, ఫీజు సర్కారు ద్వారానే చెల్లిస్తే సగం సమస్య తీరుతుందని నా నమ్మకం.

కాలిఫోర్నియాలో స్థిరపడిన మనవాళ్లను అడిగి చూడండి. ఆ రాష్ట్రం 1974లో చట్టం చేసి, 1978లో కోడ్ మొదలుపెట్టి, సుమారు మూడేళ్లకోసారి బిగిస్తూ వచ్చింది. కొత్త ఇంట్లో ఏసీ గొట్టాలు బిగించాక బయటి మనిషి యంత్రంతో వచ్చి గాలి ఎంత కారుతుందో కొలిచి వెళతాడు. లెక్క కుదరకపోతే తుది అనుమతి ఆగుతుంది. అక్కడా తప్పించుకునేవాళ్లు ఉంటారు. తేడా ఏమిటంటే, అక్కడ కాగితం తర్వాత ఒక కొలత ఉంది.

మనకు ఇంకో అలవాటు కూడా ఉంది. అనుమతి లేకుండా కట్టేసి, కొన్నేళ్లాగితే సర్కారే డబ్బు కట్టించుకుని క్రమబద్ధం చేస్తుంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో బీపీఎస్ అన్నారు, 2015లో తెలంగాణలో బీఆర్ఎస్ అన్నారు (పార్టీ కాదు, పథకం). సెట్‌బ్యాక్ మింగినవాడికే క్షమాభిక్ష దొరుకుతుందని తెలిసినప్పుడు కప్పు మీది పొర గురించి భయపడేదెవరు? ఇలాంటి పథకం వచ్చిన ప్రతిసారీ కోడ్ కొంత బలహీనపడుతుంది, అది ఇంధన కోడైనా అగ్నిమాపక కోడైనా.

మన ఫ్లాట్ల సంగతి

ఇప్పటిదాకా చెప్పింది వాణిజ్య భవనాల గురించి. ఇళ్లకు బ్యూరో 2018 డిసెంబరులో ఎకో నివాస్ సంహిత అని వేరే నియమావళి తెచ్చింది. అది 500 చదరపు మీటర్లు, ఆ పైన స్థలంలో కట్టే ఇళ్లను ఉద్దేశించింది. గోడల గుండా, కిటికీల గుండా వచ్చే వేడికి ఒక గరిష్ఠ హద్దు పెట్టింది, తెరుచుకునే కిటికీలు ఎన్ని ఉండాలో కూడా చెప్పింది. 2022లో పార్లమెంటు చట్టాన్ని మళ్లీ సవరించి నివాస భవనాలను కూడా కోడ్ పరిధిలోకి తెచ్చింది, 2023 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. అయితే పైన చెప్పిన కథ ఇక్కడా వర్తిస్తుంది. రాష్ట్ర భవన నిబంధనల్లోకి ఎక్కి, ప్లాను కౌంటర్‌లో అడిగినప్పుడే ఆ అక్షరాలకు ప్రాణం.

తెలంగాణ 2023 ఏప్రిల్‌లో చల్లటి కప్పుల విధానం ప్రకటించింది, దేశంలో ఒక రాష్ట్రం అలా చేయడం అదే మొదలు. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబడాలన్నది లక్ష్యం. సర్కారు, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, ఆ పైన స్థలంలోని ఇళ్లకు ఇది తప్పనిసరి. 600 గజాలంటే దాదాపు 500 చదరపు మీటర్లే, అంటే ఢిల్లీ గీసిన గీత, హైదరాబాదు గీసిన గీత ఒకే చోట కలిశాయి. ఆ గీతకు కింద రెండొందల గజాల్లో ఇల్లు కట్టుకునేవాళ్లు ఇక్కడ చెప్పిన ఏ ఇంధన నిబంధనకూ చిక్కరు. వాళ్ల మిద్దెకు వాళ్లే తెల్లపూత పూసుకోవాలి.

ఆఫీసు అద్దెకు తీసుకుంటున్నా, పెద్ద అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొంటున్నా వాస్తు, పార్కింగు, లిఫ్టు గురించి ఎలాగూ అడుగుతారు. వాటితో పాటు ఇంకో మూడు అడగండి: ఓసీ వచ్చిందా, కప్పు మీద స్లాబుకి టైల్స్‌కి మధ్య ఏం వేశారు, పడమటి కిటికీలకు బిగించిన అద్దం బిల్లు ఏది. ఆ బిల్లులో అద్దం రకం రాసి ఉంటుంది, ప్లానులో రాసిన దానితో పోల్చి చూసుకోండి.